ఎనిమిదో సెకను ఏడుగా పడింది

అది 1996. విశాఖపట్నంలో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో సర్వీస్ ఇంజనీరుగా ఉండేవాణ్ణి. చోడవరం దగ్గర చెరకు పిప్పితో అట్టలు చేసే మిల్లులో మా డేటా లాగర్ ఒకటి ఉండేది. ఏ బటన్ ఎప్పుడు నొక్కారో, ఏ మోటారు ఎప్పుడు తిరిగిందో సెకనులో వందో వంతుదాకా రాసిపెట్టే కంప్యూటర్ అది. ప్రోగ్రాం రాసినవాడు ఉద్యోగం మాని వెళ్ళిపోయాడు. తిట్లు తినడానికి నేను మిగిలాను.

ఒకరోజు మిల్లు నుంచి కబురొచ్చింది. కన్వేయర్ బెల్టులో పడి అప్పలరాజు అనే ఫిట్టరు కుడిచెయ్యి పోయింది.

పిప్పి ఇరుక్కుంటే బెల్టు ఆపి, ఫిట్టరు కింద శుభ్రం చేసి ‘రెడీ’ బటన్ నొక్కాలి. పైన దీపం వెలిగాక ఆపరేటర్ ‘స్టార్ట్’ నొక్కాలి. పద్ధతి అది. జరిగేది వేరు. బెల్టు ఆగితే సూపర్‌వైజర్ అరుస్తాడు. అందుకని ఫిట్టర్లు ఒక చేత్తో రెడీ నొక్కుతూ రెండో చేత్తో ఆఖరి పీచు లాగేవారు. పైన ఆపరేటర్ స్టార్ట్ మీద బొటనవేలు పెట్టుకుని కూర్చునేవాడు.

నేను వెళ్ళగానే మేనేజరు లాగర్ ప్రింటవుట్ నా ముందు పడేశాడు. ఆ నిమిషంలో రెడీ 7.58 సెకన్లకి, స్టార్ట్ 7.00కి. "ఆపరేటరు దీపం వెలక్కముందే నొక్కేసేడండీ. ఉద్యోగంలోంచి తీసేస్తన్నాం. మిషను బాగానే ఉందని మీరో సంతకం పెట్టండి చాలు."

ఆపరేటర్ సన్యాసిరావు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. "దీపం ఎలిగేకే నొక్కేను బాబూ. అప్పలరాజు నా సెల్లి కొడుకు. ఆస్పత్రికెల్తే నా మొకం సూడనని సెల్లి తలుపేసేసింది."

కాగితం మళ్ళీ చూశాను. స్టార్ట్ వరస రెడీ వరసకి కింద ఉంది. లాగర్ జరిగింది జరిగినట్టు వరసగా రాస్తుంది. తర్వాత రాసినదానికి ముందు టైమెలా పడుతుంది?

ప్రోగ్రాం తెరిచాను. అది సెకనులో వందో వంతుని కూడుకుంటూ పోతోంది. మనకి అది చక్కటి అంకె. ఒకట్లూ సున్నాలతో లెక్కించే కంప్యూటర్ బైనరీలో మాత్రం అది సరిగ్గా ఇమడదు, ఏ మూలో ఒక వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కూడగా కూడగా ఎనిమిది కావలసింది ఒక్కోసారి 7.9999 దగ్గర ఆగిపోతుంది. ప్రోగ్రాం ముందు ‘7’ని విడిగా తీసేసుకుంది. మిగిలిన భిన్నాన్ని రెండంకెలకి సవరిస్తే నిండు ఒకటయింది. ఆ ఒకటిని ఏడుకి కలపడం మరిచి, సున్నాలు మాత్రం అచ్చేసింది. మేనేజరు ఎదుటే నడిపి చూపించాను. 7.99 తర్వాత 7.00 పడింది, ఆ తర్వాత 8.01.

ఆయన చూసి, "అయితే ఆణ్ణి ఉంచేద్దాం లెండి" అన్నాడు, ఏదో దయ తలచినట్టు. నాకు ఒళ్ళు మండింది.

బయటికొచ్చి సన్యాసిరావు భుజం తట్టాను. "నీ తప్పు లేదు. దీపం వెలిగాకే నొక్కావు. ఉద్యోగానికి ఢోకా లేదు."

అతను నవ్వలేదు. "ఎలిగిన ఎంతసేపటికి బాబూ?"

ఉత్సాహంలో ఉన్నాను, ఆలోచించకుండా చెప్పేశాను. "అర సెకను కూడా లేదు."

అతను తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. "అంటే ఆడు సెయ్యి తీసుకోడానికి నేను అర సెకను కూడా ఇవ్వనేదు."

అతను మళ్ళీ ఆ స్టార్ట్ బటన్ దగ్గర కూర్చోలేదని, అడిగి మరీ పిప్పి మోసే పనిలోకి మారాడని తర్వాత తెలిసింది.

ప్రోగ్రాం సరిచెయ్యడానికి నాకు ఒక పూట పట్టింది. కానీ ఆ కేసు నాకు నేర్పింది దశాంశాల గురించి కాదు. అప్పటినుంచి ఏ మిల్లుకెళ్ళినా, రెడీ నొక్కాక అయిదు సెకన్లదాకా స్టార్ట్ పనిచెయ్యకుండా వైరింగులోనే ఆపు పెట్టిస్తాను. "ఏటి బాబూ ఈ నత్తనడక" అని ఆపరేటర్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.