అక్క గిటారూ, గొప్ప బ్యాండు గొడవా

ప్రపంచంలో అన్నిటికన్నా గొప్ప రాక్ బ్యాండు ఏది అన్న గొడవ మా ఊళ్ళో ప్రతి ఆదివారం మధ్యాహ్నం జరిగేది. నవ్వకండి. చిలకలూరిపేటకి ఆటోలో పోయి రాగల ఊరు, చుట్టూ పత్తీ మిరపా, ఇక్కడ రాక్ బ్యాండు గోలేమిటని మీకనిపిస్తే అది మీ అమాయకత్వం. ఫోన్లు మాకూ ఉన్నాయి, చెవులూ ఉన్నాయి. మేం అరుచుకుంటుంటే వీధిన పోయేవాళ్ళు గట్టు తగాదా అనుకుని ఆగేవాళ్ళు. సంగతి తెలిశాక "పనీ పాటా లేని సన్నాసులు" అని మమ్మల్ని దీవించి వెళ్ళిపోయేవాళ్ళు.

అరుచుకునేది నేనూ, నా చిన్ననాటి స్నేహితుడూ. నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాను. శనివారం సాయంత్రం బస్సెక్కి ఊరొస్తాను, ఆదివారం ఉదయం మా చర్చిలో గిటారు వాయిస్తాను, సోమవారం తెల్లారి మళ్ళీ గుంటూరు. అతనికి ఊళ్ళో మైక్ సెట్టు ఉంది. సాయిబుల ఇంటివాడు. పెళ్ళిళ్ళకీ ఉరుసులకీ తిరనాళ్ళకీ మా చర్చి పండగలకీ బాక్సులు అతనివే. డ్రమ్ములు కూడా అతనివే, వాయించేదీ అతనే, చాలా గొప్పగా వాయిస్తాడు. ఆ సంగతి అతని ముందు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నాది ఇంగ్లాండు బ్యాండు, అతనిది అమెరికా బ్యాండు. పేర్లు మాత్రం చెప్పను. చెప్పానంటే మీరు కూడా ఏదో ఒక పక్షాన చేరిపోయి నా కథ వినడం మానేస్తారు.

"ఒరేయ్, మావాళ్ళ డ్రమ్మరు వాయిస్తంటే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంటది రా. మీవాళ్ళకి అట్టాంటోడు ఒక్కడున్నాడా?" అనేవాడు.

"డ్రమ్మరు సరే, మీ పాటగాడి సంగతి చెప్పు. వాడు పాడతాడా, పన్ను పీకించుకుంటాడా?"

"ఏరా, మీవోడు పాడితే జోలపాటలాగుంటది. నేనైతే నా మైక్ సెట్టు కూడా అద్దెకివ్వను."

ఇదంతా మా అక్క అత్తగారింటి వసారాలో. అక్కది కూడా అదే ఊరు, మా వీధికి అవతలి వీధి. బావ పత్తి లారీ తోలుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. మిరపకోతల కాలంలో అక్క ఎండుకాయ బస్తాలు ఇంటికే తెచ్చుకుని తొడిమలు తీసేది. ఆ ఎర్రటి కుప్ప ముందు పీట వేసుకుని, ముక్కుకి చీర కొంగు కట్టుకుని, చేతులు ఆడిస్తూ మా వాదన వినేది. మేం బ్లూటూత్ స్పీకర్లో మా మా పాటలు పెట్టి సాక్ష్యాలుగా చూపించేవాళ్ళం. ఆ ఘాటుకి మేమిద్దరం తుమ్ముతూ వాదించుకునేవాళ్ళం, ఆవిడకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

"నోర్ముయ్యండ్రా ఇద్దరూ!" అని అరిచేది ఉన్నట్టుండి. "ఆ గిటారు ముక్క మళ్ళీ పెట్టు. అక్కడే. ఆ మలుపు కాడ."

పెట్టేవాణ్ణి. మళ్ళీ పెట్టమనేది. ఏ బ్యాండు అన్నది ఆవిడకి పట్టేది కాదు. "గొప్పోళ్ళెవరో మీరే తేల్చుకోండి. ఆ గిటారు వాయించేవాడు మాత్రం నాక్కావాలి," అనేది. నేను నవ్వేవాణ్ణి. మా అక్కకి చిన్నప్పుడు పాటల పిచ్చి ఉండేది, అదే ఇంకా వదల్లేదనుకునేవాణ్ణి.

ఒక శనివారం ఏదో సెలవు కలిసొచ్చి మధ్యాహ్నం బస్సుకే దిగాను. అక్క వాళ్ళ వసారా దగ్గరకి వచ్చేసరికి లోపల్నుంచి గిటారు వినిపించింది. ఫోన్లో వస్తోందనుకున్నాను. అంతలో ఒక స్వరం తప్పింది, "థూ" అని అక్క గొంతు వినిపించింది, మళ్ళీ మొదట్నుంచి మొదలైంది. తలుపు సందులోంచి చూస్తే ఏముంది! మిరపకాయ బస్తాకి ఫోను ఆనించి పెట్టి, అందులో వీడియో చూసుకుంటూ, నా కాలేజీనాటి ఎలక్ట్రిక్ గిటారు ఒళ్ళో పెట్టుకుని మా అక్క వాయిస్తోంది. నేను వారమంతా గుంటూరులో ఉంటాను కదా, గిటారు ఊళ్ళోనే ఉంటుంది కదా, అన్నాళ్ళుగా జరుగుతున్న భాగవతం అది.

వాయిస్తున్నది ఏమిటనుకున్నారు? నేను కాలేజీలో ఏళ్ళ తరబడి కుస్తీపట్టి, నా వల్ల కాదని వదిలేసిన ముక్క. మొదట నాకు ఒళ్ళు మండింది, మీ దగ్గర దాచడం దేనికి. ఆ మంట ఎంతోసేపు లేదు. నేను ఆ ముక్కని లెక్క చేసినట్టు వాయించేవాణ్ణి, ఎక్కడా తప్పు పోకూడదని. మా అక్క ఎవరితోనో పోట్లాడి గెలుస్తున్నట్టు వాయించింది. ఆ మలుపు దగ్గరకొచ్చేసరికి నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను.

"నీయమ్మ కడుపు మాడ! ఎప్పుడొచ్చావురా?" అని ఉలిక్కిపడింది. ఆ అమ్మే తన అమ్మ కూడా అన్నది కోపంలో గుర్తుండదు ఆవిడకి.

"అక్కా, నువ్వు నాకన్నా బాగా వాయిస్తున్నావు."

"నాకు తెల్సులే," అంది. ఆ తర్వాత గిటారు కేసి చూస్తూ మెల్లిగా అడిగింది. "ఒరేయ్, కోత పండక్కి చర్చిలో నేను వాయిస్తాన్రా. ఒక్కసారి. జనం ముందర."

కోత పండగంటే మా సంఘంలో క్రిస్మస్ తర్వాత అంతటిది. పొలంలో మొదట చేతికొచ్చిన దాంట్లో కొంత దేవుడికి తెచ్చివ్వాలి. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు తెస్తారు. ఆరాధన మధ్యలో అర్పణ పాట మొదలవగానే అందరూ వాటిని మోసుకుంటూ వరసగా లోపలికి నడిచొస్తారు. ఆ పాటని ఎత్తుకునేది గిటారే. గిటారు మొదలయ్యే దాకా గుమ్మంలో ఎవరూ కాలు కదపరు.

నాకు అభ్యంతరమేముంది, ఎగిరి గంతేశాను. మాట చెల్లాల్సింది మాత్రం అక్క మామగారి దగ్గర.

పెద్దాయన సంగతి చెప్పాలి. ఆయన సంఘ పెద్ద. చర్చిలో హార్మోనియం ఆయనదే, పాటల పెత్తనమూ ఆయనదే. ఒకప్పుడు పత్తి మిల్లులో పనిచేసేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా హార్మోనియం పట్టాడు. ఆయన వాయిస్తుంటే ఆ పాత పెట్టె మనిషిలా ఊపిరి తీసుకున్నట్టుండేది. నేను ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఆ విద్యకి మాత్రం తల వంచుతాను. మా బ్యాండ్ల గొడవ ఆయనకి గిట్టేది కాదు. వసారా చివర మంచం మీద పడుకునే, "ఎవడి గోల వాడిదేగా మీ బ్యాండ్లలో! ఒకడు వాయిస్తంటే ఇంకోడు చెవి పెట్టి వినాలా వద్దంట్రా? అది లేనికాడ బ్యాండెందుకు, సంత చాలు," అనేవాడు. నా స్నేహితుడూ నేనూ అప్పుడు మాత్రం ఏకమై ఆయన మీద పడేవాళ్ళం.

ఆ ఆదివారం అన్నాలు తిన్నాక అక్క తనే అడిగింది. "మావయ్యా, కోత పండక్కి నేను గిటారు వాయిస్తా."

ఆయన లేచి కూర్చున్నాడు. "ఆడపిల్లలు పాడితే అందంగానీ, అది మెళ్ళో ఏసుకుని నిలబడితే సంఘం ఏమంటదమ్మాయ్?"

"నిలబడనులే, కూచుని వాయిస్తా."

"చూద్దాంలే."

మా ఊళ్ళో పెద్దవాళ్ళు చూద్దాంలే అన్నారంటే కాదన్నట్టే. నా స్నేహితుడు ఊరుకోలేదు. "అది కాదు బాబాయ్ గారూ, సాయిబుల వాణ్ణి, నేనొచ్చి మీ చర్చిలో డ్రమ్ములు వాయిస్తంటే లేని ఇబ్బంది, మీ ఇంటి కోడలు గిటారు వాయిస్తే వచ్చిందా అండీ?"

"నువ్వు మగాడివిరా," అన్నాడాయన, అదేదో కొత్త సంగతి చెప్పినట్టు.

నాకు తిక్క రేగింది. "ఆడవాళ్ళు వాయిస్తే దేవుడు చెవులు మూసుకుంటాడా మామయ్య గారూ?" అని గట్టిగానే అన్నాను. ఇంకా అనేవాణ్ణే, అక్క నా తొడ మీద గిల్లింది. ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచే మా అక్క మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు. వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చుని తొడిమలు తీసుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వాయించొద్దన్నారు గానీ, ఇంట్లో ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు. పండగ ముందు రోజు కూడా ఆవిడ మానలేదు. పొద్దుట్నుంచీ అన్నిట్లోకీ ఘాటైన తేజ రకం కాయ తొడిమలు తీసింది. మామగారు బయటికెళ్ళగానే గిటారు పట్టుకుని అర్పణ పాటే వాయించుకుంది. మా ఇళ్ళలో మిరప పని చేసినవాళ్ళు చేతులకి నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడుగుతారు. ఆయన తిరిగొచ్చేలోపు వాయించాలన్న తొందరలో ఆవిడ ఉత్త నీళ్ళతో కడిగేసింది. ఏళ్ళుగా ఆ పని చేసిన వేళ్ళు, వాటికి మంట ఎక్కడ తెలుస్తుంది? ఆ ఘాటంతా తీగలకి పట్టించి, గిటారుని పద్ధతిగా సంచిలో పెట్టేసింది.

మర్నాడు చర్చి కిటకిటలాడిపోతోంది. రేకుల కప్పు, ఫ్యాన్ల గాలి ఎటు పోతోందో ఆ దేవుడికే ఎరుక. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు చాపల మీద. ముందు వరసలో హార్మోనియంతో పెద్దాయన, పక్కన నేను, వెనకాల డ్రమ్ముల దగ్గర నా స్నేహితుడు. మొదటి పాటలు బాగానే నడిచాయి. పాస్టరు గారి ప్రసంగం ముగిసింది. గుమ్మం బయట గంపలతో, కోళ్ళతో జనం బారులు తీరారు. ఇక అర్పణ పాట. చెమట కళ్ళలోకి కారుతోంటే ఎడమ చేత్తో గట్టిగా తుడుచుకున్నాను.

అమ్మ బాబోయ్!

బ్రాడీపేట నన్ను పాడు చేసింది. ఊళ్ళో ఉన్న రోజుల్లో మిరప కాలం వచ్చిందంటే కళ్ళ దరిదాపులకి చెయ్యి పోనిచ్చేవాణ్ణే కాదు, నిద్రలో కూడా. ఇప్పుడా జాగ్రత్త పోయింది. నిప్పు పోసినట్టయింది. కుడి చేత్తో నలుపుకుంటే ఇంకా ఎక్కువైంది. కళ్ళ వెంటా ముక్కు వెంటా ధారలు. గిటారు పట్టుకుని అందరి ముందూ నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆడవాళ్ళ వైపునుంచి ఒక ముసలామె గొంతు లేచింది. "స్తోత్రం! స్తోత్రం! బిడ్డని ఆత్మ తాకిందమ్మో!"

అంతే, నలుగురైదుగురు నాతో పాటు ఏడవడం మొదలుపెట్టారు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యేసి, "దేవుడు మాట్లాడుతున్నాడు, ఆపుకోకు నాయనా," అన్నారు. ఎక్కడ ఆపుకుంటానండీ! వెనకాల డ్రమ్ముల దగ్గర ధబ్బుమని ఏదో పడింది. నా స్నేహితుడికి అసలు సంగతి అర్థమైపోయి, నవ్వాపుకోలేక పుల్లలు జారవిడిచాడు. గుమ్మంలో గంపలు మోసేవాళ్ళు పాట కోసం అట్లాగే నిలబడిపోయారు.

నాకు ఆ తర్వాత ఏమీ కనపడలేదు. అంతా చెవులతోనే తెలుసుకున్నాను. గాజుల చప్పుడు దగ్గరకొచ్చింది. నా చెవి దగ్గర అక్క గుసగుస. "చచ్చాను, నిన్న నేనేరా. కళ్ళు నలపబాకు, పోయి నీళ్ళు కొట్టుకో." నా మెడలోంచి బెల్టు పైకి లేచింది. బరువు తగ్గింది. కాసేపటికి బాక్సులో గుయ్యిమని ఒక మోత, తీగలకి ఎవరి చెయ్యో తగిలిన చిన్న చప్పుడు. ఆ చెయ్యి ఎవరిదో నాకు చెప్పక్కర్లేదు.

చర్చిలో ఏడుపులు ఆగిపోయాయి. నీళ్ళు కొట్టుకోవడానికి పోవాలన్న సంగతి కూడా మర్చిపోయాను. గుమ్మంలో ఎవరి చేతిలోదో కోడి కొక్కొక్కో అంది. ఆడవాళ్ళలో ఎవరో "అదేంటే, కోడలు పిల్ల..." అని ఆగిపోయారు. అందరూ ఎవర్ని చూస్తున్నారో నాకు తెలుసు. పెద్దాయన ఒక్క మాటతో ఆవిణ్ణి వెనక్కి పంపగలడు. సంఘం అంతటి ముందు అట్లా పంపితే మా అక్క జన్మలో మళ్ళీ గిటారు ముట్టదు. అనవే అక్కా, ఏదో ఒకటి అను, అని లోపల్లోపల మొత్తుకున్నాను. గాజులు గానీ అడుగులు గానీ కదిలిన చప్పుడు లేదు, ఉన్నచోటే ఉంది.

హార్మోనియం తిత్తి మెల్లిగా కదిలిన చప్పుడు వినిపించింది.

ఆయన శ్రుతి ఎవరినీ అడిగే మనిషి కాదు. నేను వాయిస్తున్న అన్నేళ్ళలో నన్ను ఒక్కసారీ అడగలేదు. పాస్టరు గారే పాడినా సరే, ఈయన మెట్టు నొక్కుతాడు, గొంతు అందినా అందకపోయినా అందరూ దానికి సర్దుకోవాల్సిందే. ఆ రోజు తిత్తి కదిలింది గానీ మెట్టు పలకలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏ శ్రుతిలో ఎత్తుకుంటావమ్మా?"

"E మైనర్లో, మావయ్యా," అంది అక్క. ఎప్పుడూ వినని గొంతు అది, చిన్నపిల్ల గొంతు.

"సరే, మొదలెట్టు," అన్నాడు పెద్దాయన. "నీ ఎనకాల నేనొస్తా."