సీమతీగ దూల

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. నేను పెంచిన తీగకు డొంక సంగతేమో గాని, నా ఉద్యోగమే కదిలింది. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అవి మద్రాసు సర్కారు రోజులు. మార్కాపురం బడిలో నేను కొత్త అయ్యవారిని, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చేయాల్సిన ఇన్‌స్పెక్టరుగారికి పూలతీగలంటే ప్రాణమని ఎవరో చెప్పారు. ఇంకేం, బెంగుళూరు నుంచి తపాలాలో సీమతీగ విత్తనాలు తెప్పించాను. ఊదా పూలు, మఖమల్ కాయలు అని కేటలాగులో రాసి ఉంది. వడగాలి తగలకుండా పగిలిన పలకరాళ్ళతో గోడ కట్టించాను. బడిలో నీళ్ళు పోసే మరియమ్మ చేత నల్లమల నుంచి ఆకుమట్టి తెప్పించాను. నా పెళ్ళికి కూడా అంత హడావుడి జరగలేదు.

వానలకు తీగ గోడెక్కి ఊదా పూలు పూసింది. చలికాలానికి గుత్తులుగా కాయలు, వాటి ఒంటినిండా బంగారు నూగు. నేను మురిసిపోతుంటే మరియమ్మ కడవ దించి దూరంగా నిలబడింది.

"అయ్యోరా, ఇది దూలగొండి. మీ ఇత్తనాలు ఎప్పుడో చచ్చిపోయినాయి. నేను తెచ్చిన మట్టిలోంచి మొలిచింది ఇది. పీకేద్దాం."

"చదువుకున్నవాళ్ళు రాసిన కేటలాగు అబద్ధమా? సీమమొక్కకు కొండపేరు పెట్టొద్దు."

"అట్లనే అయ్యోరా. నేనైతే ముట్టను."

ఇన్‌స్పెక్టరుగారు వచ్చీ రాగానే పిల్లల లెక్కలు వదిలేసి తీగ దగ్గరికి నడిచారు. నేను కేటలాగులోని ఇంగ్లీషు పేరు అప్పజెప్పి, కాయ నిమిరి చూడమన్నాను. ఆయన నిమిరారు. అంతటితో ఆగినా బాగుండేది, మెత్తదనం చూద్దామని చెంపకు కూడా రాసుకున్నారు.

ఇక చెంప, మెడ, కాలరు లోపల, ఆయనకు రెండు చేతులు చాలలేదు. సాయం పోయిన నాకూ అంటుకుంది. మేమిద్దరం ఎదురెదురుగా గోక్కుంటుంటే పిల్లలు కిటికీలకు వేలాడారు. మరియమ్మ ఆవుపేడ తెచ్చి, గోడకు పిడక కొట్టినంత శ్రద్ధగా దొరగారి ముఖానికి పట్టించింది. దానికి అదే మందు.

మంట తగ్గాక ఆయన పేడ మధ్యనుంచి కళ్ళు తెరిచి తీగ పేరు మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ గోక్కోవడంలో పడ్డాను.

"దూలగొండి, దొరా," అంది మరియమ్మ. "అయ్యోరికి ముందే చెప్పినా. వినలా."

ఆయన బడి పుస్తకంలో ఇలా రాశారు: "ఈయన ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకో ఏడాది ఆగాలి. దూల తీరినట్టు మరియమ్మ వేలిముద్ర వేయాలి."

ఏడాది తర్వాత వేసింది, నా మొహం రెండుసార్లు ఎగాదిగా చూసి మరీ.

కాబట్టి పలకరాయి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. మరియమ్మ ముట్టని మొక్కను నేను ముట్టను, పై అధికారిని అసలే ముట్టమనను. కేటలాగు వచ్చినా ముందు ఆమెకే చూపిస్తాను. ఆమెకు చదువు రాదు, అదే నా ధైర్యం.