పంజరం అడుగున కాగితం

పెళ్ళయ్యాక మా ఆయన ఇంట్లో తనంతట తాను అందుకున్న మొదటి పని, చిలక పంజరంలో కాగితం మార్చడం. తిన్న కంచం తీసి పక్కన పెట్టడం ఎరగని మనిషి! అలాంటాయన పొద్దున్నే లేచి రెట్టల కాగితం తీసి కొత్తది పరుస్తుంటే నేను మురిసిపోయాను. మురిసి ఊరుకున్నానా? రైల్వే వర్క్‌షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా వరస క్వార్టర్లన్నిటికీ చాటింపు వేశాను. "ఏ నోము నోచావు వదినా?" అని ఎదురింటావిడ అడిగితే సిగ్గు కూడా పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఆ చిలక మాకు గాలివానలో దొరికింది. క్వార్టరు వెనక వేపకొమ్మ విరిగి, ఈకలు కూడా సరిగ్గా రాని పిల్ల కింద పడింది. రెక్క వంకరపోయి ఇక ఎగరలేకపోయింది. ఈ హిందీ ఊళ్ళో ప్రతి చిలకనీ మిట్ఠూ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. పొద్దున్నే నా గొంతు వినబడితే చాలు, మెడ సాగదీసి ఒకటే గోల.

మా అత్తవారిది శ్రీకాకుళం వైపు. తినేవాళ్ళ నోట్లోకి ఏ ప్రాణి చూస్తున్నా దానికో ముద్ద పెట్టకుండా తినకూడదని, తింటే దిష్టి తగిలి కడుపు పట్టేస్తుందని వాళ్ళ నమ్మకం. మిట్ఠూ ఊచలకి ముక్కు ఆనించి అందరి నోళ్ళలోకీ చూసేది. ఇంకేముంది, అందరూ పెట్టేవారే. పప్పన్నం, పూరీ ముక్క, జంతిక, మా ఆయన చాయ్‌లో ముంచిన టోస్టు.

ఓ వేసవిలో దానికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. తిన్న గింజ తిన్నట్టే బయటికి వచ్చేది. ఈకలు ఉబ్బించుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. ఊళ్ళోనే తెలీబంధా పేటలో పక్షుల్ని చూసే డాక్టరు ఉన్నాడంటే ఆటోలో ఇద్దరం తీసుకెళ్ళాం. ఆయన మమ్మల్ని హిందీలో కడిగేశాడు. మన ఉప్పులూ నూనెలూ దాని పేగులకి పడవు, పాలు అరిగించుకునే శక్తి పక్షికి ఉండదు, టీ అయితే విషమే అన్నాడు. మొలకెత్తిన శెనగలు, పాలకూర, జాంముక్క, మంచినీళ్ళు. అంతకు మించి ఏమీ పెట్టొద్దన్నాడు. "రోజూ పొద్దున్నే కాగితం చూసి నాకు ఫోన్ చేయండి. రెట్ట పచ్చగా, గట్టిగా, పక్కన కాస్త తెల్లగా ఉంటే మంచిదే. గోధుమరంగు నీళ్ళయితే మందు మార్చాలి. ఇంకోసారి ముదిరితే బతకదు" అన్నాడు. మా ఆయన పక్కనే నిలబడి విన్నారు. తల కూడా ఊపారు.

మందు పడ్డాక మిట్ఠూ తేరుకుంది. నేను రాత్రి శెనగలు నానబోసి, పొద్దున్నే కడిగి గుడ్డలో కట్టేదాన్ని. అప్పుడే ఆయన ముందుకొచ్చారు.

"నీకు వంట పనే సరిపోతాది. కాగితం నేను మారుస్తాన్లే."

నేను పొయ్యి దగ్గర్నించే అడిగేదాన్ని, "ఎలా ఉందండీ?" అని.

"ఫస్ట్‌క్లాసుగా ఉన్నాదే. పచ్చగా ఉన్నాది."

అదే నేను డాక్టరుకి ఫోన్‌లో చెప్పేదాన్ని. బాగుందంటే ఆయన మందు ఆపేయమన్నాడు, ఆపేశాను.

ఓ ఆదివారం మా ఆయన వర్క్‌షాపుకి పట్టుకెళ్ళే టిఫిన్ సంచీ ఉతుకుదామని బోర్లించాను. అడుగున మడతపెట్టిన కాగితం, పారేయడం మరిచిపోయినట్టున్నారు. విప్పితే గోధుమరంగు నీళ్ళ మరకలు, వాటిలో అరగని టోస్టు పలుకులు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా? నేను లోపల దీపం పెట్టుకుంటున్న వేళ, వరండాలో చాయ్ తాగుతూ దానికి ఓ ముక్క పెట్టడం, పంజరం మీద గుడ్డ కప్పేయడం, పొద్దున్నే కాగితం మాయం చేయడం. ఇదీ ఆయన సాయం!

"ఏమిటండీ ఇది?" అని కాగితం మొహం మీద పెట్టాను.

"అది నా నోట్లోకే చూస్తాదే. అలా చూస్తంటే ఎలా మింగమంటావు? ఏక్ టుకడాయే కదా, ఏటవుతాదిలే అనుకున్నాను."

"సరే, పెట్టారు. మరి కాగితం ఎందుకు దాచారు?"

ఆయన ఆ కాగితాన్నే మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టారు. ముక్క పెట్టింది జాలితోనే అనుకుందాం. కాగితం దాచడం జాలా? రోజూ నా కళ్ళకి గంతలు కట్టి, ఆయన అబద్ధాన్ని నా నోటితోనే డాక్టరుకి చెప్పించారు.

అప్పటికే మిట్ఠూ కొయ్య దిగి పంజరం మూల ఒదిగిపోయింది. ఫోన్ చేస్తే డాక్టరు, "బాగుందని మీరే కదా మేడమ్ చెప్పారు" అన్నాడు. వెంటనే తీసుకురమ్మన్నాడు. ఆటో తెలీబంధా చెరువు దాకా వచ్చేసరికి నా ఒళ్ళో దాని మెడ వాలిపోయింది. పక్కన ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. అది దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు. అందుకే మరీ కోపం వచ్చింది. ఇంత ప్రేమ ఉన్నవాడు ఒక్క నిజం చెప్పలేకపోయాడా?

చిలకని వేపచెట్టు కింద పాతిపెట్టాం. ఎదురింటావిడతో నిజం చెప్పలేదు. ఏ మొహంతో చెప్పను?

ఇప్పటికీ సాయంత్రం ఆయన చాయ్‌లో టోస్టు ముంచుకుంటారు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని ఆయన నోట్లోకే చూస్తూ కూర్చుంటాను.

"అలా చూడకే. ఇంద, ఓ ముక్క తిను" అని చెయ్యి చాపుతారు.

"నాకొద్దు. మీరు తినండి, నేను చూస్తాను."