కాలువ మీద మా పెద్దమ్మ దారి

మా పెద్దమ్మ పోయిందని మందస నుంచి వచ్చిన బస్సు కండక్టరు టెక్కలిలో మా బడి దగ్గర దిగి చెప్పాడు. పట్టిన జ్వరం వదల్లేదట. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఇక కాలువ ఓవర్సీరుకి అడ్డు చెప్పే మనిషి లేకుండా పోయిందే అని ఒళ్లు మండింది.

జమీందారీలు రద్దయిన కొత్తలో, ఏటి నీటిని టెక్కలి పల్లపు పొలాలకు మళ్లించడానికి మందస దగ్గరి మా ఊరి మీదుగా కాలువ తవ్వారు. ఇళ్లు ఇవతల, రాగులు పండే చోడి చేలు అవతల మిగిలాయి. మాకు చుక్క నీరు ఇవ్వలేదు సరే, దారైనా ఉంచలేదు. వంతెన ఎక్కడో లాకు దగ్గర. చుట్టి వెళ్లేసరికి ఎండెక్కిపోయేది. విసిగి కొందరు చేలు బీడు పెట్టేశారు. పెద్దమ్మ మాత్రం ఒక తాటిమాను ఈడ్పించి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వేయించింది.

ఓవర్సీరు తీయించాడు. ఆవిడ మళ్లీ వేయించింది. తీయించాడు. వేయించింది. అర్జీ పెడదాం పెద్దమ్మా అన్నాను.

"రాయి నాయినా, వొద్దన్నానేటి? దానికి జవాబొచ్చీదాకా సేనుకి గాల్లో ఎగిరెల్లాలా?"

బీడు పెట్టినవాళ్లు ఒక్కొక్కరే మళ్లీ విత్తారు. ఎడ్లను ఈదించి దాటించారు. మాను మీద ఇద్దరు ఎదురుపడితే నెత్తిన మోపున్నవాళ్లకే దారివ్వాలని పెద్దమ్మ కట్టడి చేసింది. ఒక మధ్యాహ్నం చెప్పులు చేతపట్టుకుని మాను దాటుతున్న ఓవర్సీరుకే ఆవిడ మోపుతో ఎదురైంది.

"ఏటి బాబూ, లాకు కాడి వంతెన దూరమైపోనాదా? ఎనక్కి నడు. మోపు బరువుగున్నాది."

ఆయన వెనక్కి నడిచాడు! ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ కోపంతో మర్నాడే మాను తీయించేశాడనుకోండి.

దుఃఖం లేదనను. దానికన్నా గర్వమే ఎక్కువగా ఉంది, దాచుకోను.

పెద్దకర్మ కాకముందే ఓవర్సీరు మనుషులు వచ్చి మాను లాగేశారు. కర్మ మర్నాడు నేను తిరిగి టెక్కలి బస్సుకి బయలుదేరుతుంటే గట్టు మీద ఆడవాళ్లంతా ఉన్నారు. కొందరు ఆవలి నుంచి తాడు లాగుతున్నారు. ఇవతల పెద్దమ్మ కోడలు కొత్త మాను మొదలు పట్టుకుని నెడుతోంది. అత్త ఉండగా ఆ పిల్ల గొంతు నేను విన్నది తక్కువ.

ఓవర్సీరు సైకిలు దిగాడు. "ముసలమ్మే పోయింది కదమ్మా, ఇంకెందుకిది?" అన్నాడు, కాస్త మెత్తగానే.

ఆమె చేతులు తీయలేదు.

"అత్త పోనాది బాబూ. సేను అవతలే ఉన్నాది."

మాను కొస ఆవలి గట్టు మట్టిలో దిగబడింది. కోడలు చీర చెంగు బిగించి, కొడవలి తీసుకుని, మాను మీద కాలు పెట్టింది.