సింధు దవడ పన్ను

ముందే చెప్పేస్తున్నాను. ఎల్‌బీ నగర్‌లో నాలుగు చినుకులు పడితే మూసీ మా మెట్లెక్కిందని చెప్పే మనిషిని నేను. ఇందులోనూ పావు వంతు తీసేసి చదువుకోండి.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులు. మా అమ్మాయి సింధుకు ఏడేళ్లు. బడి లేక ఇంట్లో ఉంది. చల్లటి నీళ్లు ఒక గుక్క తాగి కెవ్వుమంది. ఆ కేకకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి దాకా బస్సులన్నీ ఆగిపోయాయి. బంద్ వల్ల అవి పొద్దుటి నుంచే ఆగి ఉన్నాయి, అది వేరే సంగతి. టార్చ్ వేసి చూస్తే, కొత్తగా వచ్చిన దవడ పన్ను పాత బెల్లం ముక్కలా ఉంది. అంచులు రాలుతున్నాయి.

"చాక్లెట్లు నువ్వే తినబెడితివి గద రా. గిప్పుడేం చూస్తవ్" అంది మా అమ్మ.

దిల్‌సుఖ్‌నగర్‌లో డెంటిస్టు మేడం గుంటూరు వైపు ఆవిడ. ఎక్స్-రే చూసి, "ఇది పుచ్చు కాదండీ. ఎమ్ఐహెచ్ అంటాం. పసితనంలో, చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఎనామెల్ గట్టిపడలేదు" అన్నారు.

"ఎందుకట్ల, మేడం?" అంది మా ఆవిడ.

"ఖచ్చితంగా తెలీదండీ. చిన్నప్పటి జ్వరాలు కావచ్చు. ప్లాస్టిక్‌లో ఉండే బిస్ఫినాల్ లాంటివి హార్మోన్లను తారుమారు చేసి, ఎనామెల్‌నూ దెబ్బతీస్తాయేమోనని ఒక అనుమానం ఉంది. మీ పాపకు అదేనని మాత్రం నేను చెప్పలేను."

మా ఆవిడ నా వైపు చూసింది. సింధు పసితనంలో మరిగిన పాలు నేరుగా ప్లాస్టిక్ సీసాలోకే పోసేవాళ్లం. కర్రీ పాయింట్ నుంచి పప్పు పొగలు కక్కుతూ పల్చటి కవర్లో వచ్చేది. అదే పాపకు మెత్తగా కలిపి పెట్టేవాళ్లం. మా సందులో అందరిళ్లలోనూ అంతే. అందుకే ఆ చూపుకు నాకు తప్పు చేశామనిపించలేదు.

ఫిల్లింగ్ పెట్టారు. ఇలాంటి పంటికి మత్తు ఇంజెక్షన్ సరిగ్గా ఎక్కదట. సింధుకు పెదవి, నాలుక మొద్దుబారాయి, పన్ను తప్ప. ఏడుస్తూనే ఉంది. "మేడం, ఆ మిగిలిన మందు నాకు పొడవండి, వృథా పోదు" అన్నాను. అందరూ నవ్వారు.

కొన్ని వారాలకే ఫిల్లింగ్ ఊడింది. "ఇంకా విరిగితే పన్ను తీసేయాల్సిందేనండీ. రేపే రండి, స్టీల్ క్యాప్ వేద్దాం" అన్నారు మేడం ఫోన్లో. మర్నాడు మళ్లీ బంద్. నేనూ సింధూ నడిచే వెళ్లాం. దారిలో రోడ్డు మీదే వంటావార్పు. ఉద్యమం వాళ్లు పొయ్యిలు పెట్టి, వచ్చినవాళ్లకల్లా వడ్డిస్తున్నారు. సింధు చెంప పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"పన్ను నొస్తుందా బిడ్డా? జర ఆగు, సల్లార్చి ఇస్త" అని ఒక పెద్దమ్మ విస్తరాకులో అన్నం మెదిపి, ఊది ఇచ్చింది. అది రెండో దవడతో తింది.

మేడం షట్టర్ సగం దించి క్యాప్ వేశారు. పన్ను నిలిచింది.

తెలంగాణ వచ్చింది. సింధుకు ఇప్పుడు పదేళ్లు. మొక్కజొన్న కంకి కొరుకుతుంది, వెండి పన్నుందని బళ్లో గొప్పలు పోతుంది. నా పోలికే. వేడివన్నీ స్టీలు గిన్నెలోకే వస్తున్నాయి, మా మనసు కోసం. మీకు చెప్పేది ఒక్కటే. పిల్లలకు ఆరేళ్లప్పుడు వెనక వచ్చే దవడ పళ్లను మంచి వెలుతురులో చూడండి. పసుపుపచ్చ మచ్చ కనిపిస్తే, విరిగేదాకా ఆగకండి.

బస్సుల సంగతి మీకు తెలిసిందే. నేను అసలు కల్పించింది ఆ మందు నాకు పొడవమన్న మాట. ఆ గదిలో నేనేమీ అనలేదు. ఎవరూ నవ్వలేదు. సింధు కాలి బొటనవేలు పట్టుకుని నిలబడ్డాను. అది తన్నుతున్నా వదల్లేదు.