చక్రాలున్న అంతరిక్ష నౌక

మొన్న క్లోజెట్ సర్దుతుంటే పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీయగానే ఆవకాయ నూనె, కుంకుమ, పెన్సిల్ పొడి కలగలిసిన వాసన గుప్పుమంది. ఆఫీస్‌కి టైమవుతున్న సంగతి కూడా మరిచిపోయి అక్కడే చతికిలబడ్డాను. అందులో మా అంతరిక్ష నౌక ఉంది.

ప్లెయిన్స్‌బరోలో నాకు పదకొండేళ్లప్పటి వేసవి అది. ఏసీ రొద పెడుతుంటే, డైనింగ్ టేబుల్ నిండా మామిడి టెంకలు, జంతికల ముక్కలు, పాచికలు పరుచుకుని, పక్కింటి చరణ్, అతని చెల్లెలు నేహ, మా అన్నయ్య, నేను మధ్యాహ్నమంతా కథ అల్లుకుంటూ కాగితాల మీద గ్రహాలు తిరిగే ఆట ఆడేవాళ్లం. ఆట నడిపేది చరణ్. బ్యాంకూ అతనే, బేరగాళ్లూ అతనే, దొంగలూ అతనే. అప్పు చేసి కొన్న నౌక మాది, గ్రహాల మధ్య సరుకు మోసి ఆ అప్పు తీర్చాలి. రెండు కిస్తీలు ఎగ్గొట్టాం. మూడోది కట్టకపోతే నౌక జప్తు, ఆట బంద్ అని చరణ్ తేల్చేశాడు. అన్నయ్యకీ నేహకీ యుద్ధాలే కావాలి. లెక్కలన్నీ చిన్నదాన్నని నా నెత్తిన రుద్దారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలు తిప్పిన మా తాతయ్య, ఆరు నెలలుందామని విమానమెక్కి మా దగ్గరికి వచ్చి, సోఫాలో చిక్కుడుకాయలు వలుస్తూ ఇదంతా వింటున్నాడు.

"గనుల గ్రహానికి మందులు దింపుతారు సరే. వచ్చేటప్పుడు ఏం వేసుకొస్తారే?"

"నథింగ్ తాతయ్యా. ఎంప్టీగా వస్తాం, ఫాస్ట్ కదా!"

"ఓరి మీ దుంపతెగ! బండి ఖాళీగా తిరిగొస్తే డీజిల్ ఎవడు పోస్తాడే?"

ఆ మధ్యాహ్నం నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, సరుకు దించకముందే తిరుగు లోడు మాట్లాడుకోవాలనీ, కిరాయి తగ్గినా ఫర్వాలేదు గానీ ఖాళీగా కదలకూడదనీ, క్యాబిన్‌లో చోటుంటే మనుషుల్ని ఎక్కించుకోవాలనీ చెప్పాడు. తర్వాత బేరం నేనే ఆడాను. ఖనిజం ఎక్కించాను, సెలవుకి ఇంటికెళ్లే ఆరుగురు కూలీలను ఎక్కించాను, చరణ్ ఎంత బిగిసినా అడ్వాన్స్ రాబట్టాను. మూడో కిస్తీ కట్టేశాం. అన్నయ్య నన్ను భుజాల మీదికెత్తుకుని ఇల్లంతా తిప్పాడు. ఎప్పుడూ చలించని తాతయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఎందుకని అడిగితే అమ్మ చెప్పింది, ఆయన మొదటి లారీని మూడు కిస్తీలు బాకీ పడినందుకే ఫైనాన్స్ వాళ్లు నడిరోడ్డు మీద లాక్కెళ్లారట.

మర్నాటి నుంచి తాతయ్య వాకింగ్‌లో కనిపించిన ప్రతి పెద్దాయనకీ "మా సౌమ్య బండి నిలబెట్టుకుందండీ" అని ఒకటే చెప్పడం. ఏ బండో వాళ్లకి అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం నేల మీద కాలు నిలిచేది కాదు.

దసరాకి తాతయ్య, కాగితం మీద మేం గీసుకున్న నౌక బొమ్మకి బొట్టు పెట్టి, నిమ్మకాయలు పట్టుకుని ఆగిపోయాడు.

"దీనికి చక్రాలేవే? నిమ్మకాయలెక్కడ తొక్కించాలి?"

ఇక లాభం లేదనుకుని పెన్సిల్ తీసి తనే నాలుగు చక్రాలు గీశాడు. చరణ్ లబలబలాడాడు గానీ చెరిపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చరణ్ ఇప్పుడు ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీలో ఉన్నాడు. నేహ ఎప్పుడైనా మెసేజ్ పెడుతుంది. ఆ టేబుల్ ఎప్పుడో అమ్మేశారు. తాతయ్య లేడు. కాగితం మీద కుంకుమ కాస్త వెలిసింది, చక్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి పైన, లారీ నుదుటి మీద రాసినట్టు, ఆయన గుండ్రటి అక్షరాలు: ఓనర్, సౌమ్య.