నల్లమ్మ ఈనిన ఆదివారం

ఎదురింటి అవ్వ పోయిందన్న కబురు నాకు విరుదునగర్‌లో, క్లాసు మధ్యలో తెలిసింది. ఫోన్ చేసింది అవ్వ కూతురు. "అమ్మ పోయిందక్కా. పొద్దున కాఫీ తాగింది, కాసేపు ఒరుగుతానని పడుకుంది, లేవలేదు" అంది. సరేనని ఫోన్ పెట్టేసి, మళ్ళీ లోపలికి పోయి మిగతా ఇరవై నిమిషాలూ పాఠం చెప్పాను. ఏం చెప్పానో గుర్తు లేదు. ఆ నిమిషమే బయలుదేరి ఉండాల్సిందేమో. ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

కూతురి ఇల్లు మా కాలేజీకి రెండు వీధుల అవతల. ఆర్నెల్లుగా అవ్వ అక్కడే ఉండేది. వారానికోసారి పోయి చూసి వచ్చేదాన్ని. పోయిన ప్రతిసారీ మొదటి మాట నా గురించి కాదు. "నల్లమ్మ సరిగా తింటా ఉండాదా?" నల్లమ్మ మా కుక్క.

అంతకు ముందంతా అవ్వ ఉండింది కోవిల్‌పట్టిలో, మా ఇంటికి ఎదురుగా. ముప్పై ఏళ్ళకు పైగా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చట్రాల్లో పుల్లలు పేర్చింది. మా ఊళ్ళో ఆ ఫ్యాక్టరీని ఆఫీసనే అంటారు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని నేను రైలుకు పరిగెత్తుతుంటే గడప మీంచి కేకేసేది: "నువ్వూ ఆపీసే, నేనూ ఆపీసే పాపా. నీ ఆపీసులో ఫ్యాను తిరుగుతాది, అంతే తేడా."

నలభై దాటిన నన్ను పాపా అని పిలిచే మనిషి ఇంకెవరూ లేరు. మా ఇంటికొస్తే కుర్చీలో కూర్చునేది కాదు, నేల మీదే. "కుర్చీ మనకు సోంబేరితనం నేర్పిస్తాది" అనేది. చేతులు మాత్రం ఊరికే ఉండేవి కావు. నాతో మాట్లాడుతూనే మా చేటలోని బియ్యంలో రాళ్ళు ఏరేసేది. పని మానేసి ఎన్నో ఏళ్ళయినా ఆ వేళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

వీధిలో మేం తమిళం మాట్లాడుకునేవాళ్ళం, గడప దాటి లోపలికొస్తే తెలుగు. ఈ తెలుగు అక్షరాలు నేను పెద్ద చదువులకు పోయాక పట్టుబట్టి నేర్చుకున్నవి. అవ్వకు రావు. కాబట్టి నేను రాసేదాన్ని అవ్వ దిద్దే వీలు ఏనాడూ లేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నానా అని ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నాను.

నల్లమ్మది కన్ని జాతి. సన్నటి నడుము, నల్లటి ఒళ్ళు, ఎండలో ఇనుములా మెరుస్తుంది. పుదూరు దగ్గర మా చిన్నమ్మ వాళ్ళ ఊళ్ళో పుట్టింది. మావాళ్ళలో ఆ జాతి పిల్లల్ని అమ్మరు. బాగా చూసుకుంటామని మాటిచ్చిన ఇంటికి ఇస్తారు. చిన్నమ్మ నా చేత కూడా మాట తీసుకునే దాన్ని నా ఒళ్ళో పెట్టింది. అందుకే అది కడుపుతో ఉందని తెలిసినప్పటినుంచీ నాకు సంతోషం కంటే దిగులే ఎక్కువ. మొదటి కాన్పు. ఏదైనా అయితే చిన్నమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అవ్వ ఇంకా మా ఎదురింట్లోనే ఉన్నప్పటి మాట. ఆ ఆదివారం పొద్దున్నుంచే నల్లమ్మ అన్నం ముట్టలేదు. నేలంతా గీరుతోంది. మా ఆయన ఊళ్ళో లేరు. పడగ్గదిలో పెద్ద అట్టపెట్టె పెట్టి, పాత చీరలు పరిచి, ఫ్యాను వేసి అన్నీ సిద్ధం చేశాను. నల్లమ్మ ఆ పెట్టెను వాసన చూసి, వంటింట్లోకి పోయి, గ్రైండరు వెనక ఇరుకులో ముడుచుకుంది. ఎత్తుకొచ్చి పెట్టెలో పెట్టాను. లేచి మళ్ళీ గ్రైండరు వెనక్కే పోయింది. మూడోసారి ఎత్తుకొచ్చేసరికి అప్పటిదాకా వస్తున్న నొప్పులు ఆగిపోయాయి. ఒళ్ళంతా వణుకుతూ నా వైపే చూస్తోంది.

వాకిట్లోంచి అవ్వ గొంతు. "ఎవరితో పాపా కొట్లాట?"

"నల్లమ్మతోనే అవ్వా. ఇక్కడ పడుకోవే అంటే వినడంలేదు."

అవ్వ లోపలికొచ్చి పెట్టెను చూసింది, చీరలను చూసింది, నన్ను చూసింది. "బాగుండాది. నువ్వు పడుకో దీంట్లో. కనేది అది గదా, చోటు చూసుకునేదీ అదే. కాలేజీలో నువ్వు చెప్పే పాటం ఏంది?"

"జంతుశాస్త్రం" అన్నాను, గొంతు తగ్గించి.

"శివశివా" అంది.

చీరలు తీసుకుపోయి గ్రైండరు వెనక పరిచింది. నల్లమ్మ వెంటనే వచ్చి వాటి మీద పడుకుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని తొంగి చూస్తుంటే అవ్వ నా భుజం పట్టి ఇవతలికి లాగింది. "కనేవాళ్ళ ముందర పనిలేనోళ్ళ మాదిరి నిలబడకూడదు. పోయి చిన్నుల్లిపాయలు తీసుకురా."

ఇద్దరం నల్లమ్మకు వీపు పెట్టి కూర్చుని ఉల్లిపాయలు ఒలిచాం. అలా కూర్చోవడం నాకు చాలా కష్టమైంది. తిరగబోయినప్పుడల్లా అవ్వ మోచేత్తో పొడిచేది. "చెవులుండాయి గదా, విను." విన్నాను. రొప్పడం, ఆగడం, మళ్ళీ రొప్పడం. తర్వాత ఒక చిన్న మూలుగు, ఆ వెంటనే నాలికతో గబగబా నాకే చప్పుడు. "ఒకటి వచ్చింది" అంది అవ్వ, కత్తి మీంచి చూపు తిప్పకుండా. మధ్యలో మా పక్కింటి కోడలి మీదా, రేషన్ బియ్యం మీదా ఏవో కబుర్లు చెప్పింది. గంటన్నరలో మూడు పిల్లలు. ఒక్కదాన్నీ మేం ముట్టుకోలేదు. తల్లే పొర చింపింది, తల్లే బొడ్డు కొరికింది. ఉల్లిపాయలకో దేనికో నా కళ్ళు కారుతున్నాయి.

నాలుగోదానికి చప్పుడు మారింది. మూలుగు వస్తోంది, నాకే చప్పుడు రావడంలేదు. అవ్వ కత్తి కింద పెట్టి మొట్టమొదటిసారి వెనక్కి తిరిగింది. పిల్ల వెనక కాళ్ళూ తోకా బయటికి వచ్చి ఆగిపోయాయి. నల్లమ్మ ముక్కుతోంది, పిల్ల కదలడంలేదు. అవ్వ కాసేపు చూసింది.

"ఇది నాకు తెలీదు పాపా. డాక్టరమ్మకి పోన్ కొట్టు."

"నీకు తెలీకపోవడమేంటవ్వా? వీధిలో మేకలకు కూడా నువ్వే గదా..."

"మేక వేరే, ఇది వేరే. తెలీదంటే తెలీదే. తెలీదని చెప్తే నోరేం వాచిపోదు. కొట్టు!"

ఊళ్ళో పశువుల ఆసుపత్రి మూసి ఉంది. మాకు తెలిసిన డాక్టరమ్మ ఆ పూట విరుదునగర్‌లో ఉంది. ఇప్పుడే బయలుదేరతాను కానీ గంట పడుతుంది, అంతవరకు ఆగితే పిల్ల దక్కదు, చెప్పినట్టు చెయ్యమంది. ఫోను స్పీకర్లో పెట్టాను. అవ్వ వైపు చూశాను. చెయ్యి చాపి చూపించింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "ఇవి పనికిరావు. నువ్వే పట్టు. నేను తల పట్టుకుంటా."

సబ్బుతో చేతులు కడుక్కున్నాను. కొబ్బరినూనె రాసుకున్నాను. పొడి గుడ్డతో ఆ చిన్న కాళ్ళ పైన, నడుం దగ్గర పట్టుకున్నాను. "అది ముక్కినప్పుడే లాగండి, తల్లి కాళ్ళ వైపు, కిందికి. అది ఆపితే మీరూ ఆపండి" అంటోంది ఫోన్లో గొంతు. ఎప్పుడు ముక్కుతోందో నాకు తెలియడంలేదు. నల్లమ్మ తలని ఒళ్ళో పెట్టుకున్న అవ్వకే తెలుస్తోంది. "ఇప్పుడు... నిలుపు. ఇప్పుడు... నిలుపు." నా అనుమానాలన్నీ ఎటు పోయాయో, ఆ గొంతు చెప్పినట్టు నా చేతులు నడిచాయి. ఐదో "ఇప్పుడు"కి పిల్ల జారి నా అరచేతిలో పడింది. తడి గుడ్డముక్కలా ఉంది. ఊపిరి లేదు.

"ముక్కు మీద పొర తియ్యండి. తల కిందికి ఉంచి తువ్వాలుతో గట్టిగా రుద్దండి." రుద్దాను. నొప్పి పుడుతుందేమోనని మెల్లగా రుద్దుతున్నానేమో, అవ్వ అరిచింది. "దేవుడి పటమా పాపా అది? రుద్దు!" రుద్దాను. ఎంతసేపో తెలీదు. నోరు తెరిచి ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టినట్టు గాలి పీల్చింది. ఇంకోసారి. తర్వాత కీచుమంది. నల్లమ్మ తల ఎత్తి, నా చేతిలోంచి దాన్ని అడిగినట్టు మూతి చాపింది.

డాక్టరమ్మ వచ్చేసరికి ఐదోది తనంతట తానే వచ్చేసింది. తల్లి పొట్ట నొక్కి చూసి, ఇంకేం లేవని చెప్పి, ఒక సూది వేసి వెళ్ళింది.

ఆ తర్వాత అవ్వ నాకు ఒక సంగతి చెప్పింది. తన మొదటి బిడ్డ నరికుడి దగ్గర పుట్టింటి పల్లెలో అడ్డం తిరిగింది. మంత్రసాని రెండు రోజులు నాకు తెలుసు, నాకు తెలుసు అంటూనే ఉంది. బండి కట్టేసరికి ఆలస్యమైపోయింది. "మంచి మనిషే పాపా ఆమె. ఎంతమందినో బయటపడేసింది. తెలీదని చెప్పే నోరు మాత్రం లేదు" అంది. కోపం లేదు ఆ గొంతులో. నా జీవితమంతా నాకు సరిగా తెలీదేమో అని జంకుతూ గడిపినదాన్ని. అది లోపమనే అనుకున్నాను. ఇప్పుడూ పూర్తిగా కాదని అనలేను. కానీ తెలీదన్న మాటని ఎప్పుడు, ఎంత గట్టిగా చెప్పాలో ఆ వంటింట్లో చూశాను.

"అది తాగతా ఉండాది చూడు" అంది అవ్వ. నాలుగో పిల్ల, మిగతావాటి కంటే చిన్నది, నాలుగు కాళ్ళతో తల్లిని తొక్కుతూ పాలు తాగుతోంది.

కాఫీ కలుపుకుని వచ్చేసరికి అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది, చీర కుచ్చిళ్ళ మీద నెత్తుటి మరకలు. వంటింటి కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేల మీద పడుతోంది. ఐదు పిల్లల్నీ పొట్ట కింద పెట్టుకున్న నల్లమ్మ మెడ సాచి, గడ్డాన్ని అవ్వ పాదం మీద ఆనించి కళ్ళు మూసుకుంది. లేపాలా, వద్దా? రెండు చేతుల్లో రెండు గ్లాసులతో అలాగే నిలబడిపోయాను. నిద్రలోనే అవ్వ రెండో కాలు కొంచెం ముడుచుకుంది. కుక్క తల ఉన్న కాలిని మాత్రం కదిలించలేదు.